పేరుకేం తొందర

"సాయంత్రం బర్త్ సర్టిఫికెట్ల ఆఫీసు మూసేలోగా పాపకి పేరు పెట్టాలి. ఇవాళే ఆఖరు" అన్నాడు లిఫ్టు మెకానిక్. అని, పాపకి కలిపిన పాలు తన కాఫీ అనుకుని తాగేశాడు.

పాప పుట్టినప్పటినుంచీ అతనికి సరైన నిద్ర లేదు. ఒకరోజు పాలసీసాలు మరిగించే గిన్నెలో స్క్రూడ్రైవర్లు మరిగాయి. అదే రోజు ఎక్కడో లిఫ్టు ఇరుక్కుపోతే, లోపలున్నవాళ్లు కమ్మీల్లోంచి చూస్తుండగా, అతను పనిముట్ల సంచి తెరిచి పాలసీసా బయటికి తీశాడు.

పాప కూడా తక్కువది కాదు. పైకీ కిందికీ తిరిగే లిఫ్టులో తప్ప నిద్రపోదు. తలుపు తెరుచుకుందా, కెవ్వుమంటుంది. అందుకని అపార్టుమెంటు వాళ్లంతా మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఐదో అంతస్తు ఆయన నడుము సన్నబడిందని మురిసిపోతున్నాడు.

మెకానిక్ భార్య బస్సు కండక్టరు. సెలవులో ఉంది గానీ, వృత్తి ఎక్కడికి పోతుంది? పాప తేన్చగానే వీపు తట్టి "రైట్ రైట్" అంటుంది.

మొన్న పిల్లల డాక్టరు దగ్గర ఇంకో వింత జరిగింది. రిపోర్టు ఏమైందని ఎవరో ముసలావిడ అడిగితే, కౌంటర్లో అమ్మాయి "తర్వాత చెప్తాం" అంది. అంతే, మెకానిక్ పాపనెత్తుకుని గబగబా డాక్టరు గదిలోకి వెళ్లిపోయాడు. కండక్టరు చొక్కా పట్టి వెనక్కి లాక్కొచ్చింది. నిద్రలేక ఆయనకి ఏదీ సరిగ్గా వినపడట్లేదని అక్కడున్నవాళ్లకి సర్దిచెప్పుకుంది.

ఇక పేరు సంగతి. మెకానిక్ అత్తగారు చెప్పిన పేరు పూర్తిగా పలకాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. కండక్టరుకి నచ్చిన పేరు పక్కింటివాళ్ల కుక్కకి ముందే ఉంది. కుక్క పేరు మార్చుకోమని వాళ్లనడుగుదామంది. తల్లీకూతుళ్లు పొద్దున్నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు.

మెకానిక్ తల్లి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. కొడుకుని చివరిదాకా "చిట్టీ" అనే పిలిచింది. పెళ్లి శుభలేఖలోనూ అదే వేయించింది. ఇంకో పేరు పెట్టి పిలవడానికి ఆవిడకి నోరు రాలేదు.

ఇంట్లో మిగిలిన పెద్దదిక్కు మెకానిక్ తండ్రి. గడియారాలు బాగుచేసేవాడు. అందరి టైమూ సరిచేసిన మనిషికి టైమంటే లెక్కలేదు. వాచీ ఎప్పుడిస్తారని ఎవరడిగినా ఒకటే మాట, "తర్వాత చెప్తాం." కొట్టు మూసేసినా ఆ మాట మూతపడలేదు. ఇంకాస్త కూర వెయ్యనా అని కోడలడిగినా అదే జవాబు.

"మామయ్యా, మీరే ఒక పేరు చెప్పండి" అంది కండక్టరు.

"తర్వాత చెప్తాం" అన్నాడు పెద్దాయన.

వంటింట్లో సీసాలు కడుగుతున్న మెకానిక్ "ఆఁ" అంటూ తొంగిచూశాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి మళ్లీ సీసాల దగ్గరికి పోయాడు.

"పేరుకేం తొందర అల్లుడూ" అంది అత్తగారు.

ఇవాళ దాటితే ఆ గుమస్తాలు పేరు గడిలో వాళ్లకి తోచింది రాసేస్తారని చెప్పాడు మెకానిక్. అత్తగారు పకపకా నవ్వింది. ఎక్కడైనా అలా రాస్తారా అంది. కండక్టరు నవ్వలేదు. పెద్దాయన కళ్లద్దాలు తీసి, తుడిచిందే తుడవసాగాడు.

"రాసినా తర్వాత మార్చుకోవచ్చుగా" అంది అత్తగారు.

"ఆ ఆఫీసులో లిఫ్టు మార్చమంటే మార్చగలను అత్తయ్యా. పేరు మార్చడం నావల్ల కాదు."

చివరికి అందరూ కలిసి ఆఫీసుకి బయల్దేరారు. లైన్లో నిలబడి కూడా తల్లీకూతుళ్లు ఆపలేదు. వెనక ఉన్నవాళ్లు ఇద్దరు కుక్క పేరువైపు, ఒకాయన పొడుగు పేరువైపు చేరారు. మెకానిక్ గోడగడియారాన్నీ, మూసెయ్యడానికి సిద్ధంగా ఉన్న కిటికీనీ మార్చిమార్చి చూస్తున్నాడు. అతని చొక్కా చెమటకి తడిసిపోయింది. పాప మాత్రం అతని భుజం మీద హాయిగా నిద్రపోతోంది. ఆఫీసు లిఫ్టు పక్కనే గుర్రుమంటోంది మరి.

"పాప పేరు?" అంది కిటికీలోంచి గుమస్తా.

కండక్టరు నోరు తెరిచింది. అత్తగారూ తెరిచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గుమస్తా కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది.

అప్పుడు పెద్దాయన కోడల్ని మెల్లగా పక్కకి జరిపి, అద్దంలో ఉన్న చిల్లు దగ్గరికి వంగి, రెండక్షరాలు చెప్పాడు. ఆయన భార్య పేరు. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు పైకి అనలేదు.

అత్తగారు మొదటిసారి వంక పెట్టలేదు. మెకానిక్ పాప తల నిమిరాడు. గుమస్తా రాసుకుంది.

"తండ్రి పేరు?"

"తర్వాత చెప్తాం" అన్నాడు మెకానిక్.

గుమస్తా పెన్ను కింద పెట్టింది. "ఏంటండీ, కూతురి పేరు ఇప్పుడేగా దొరికింది. మీ పేరు కూడా ఇంకా ఆలోచించుకోవాలా?"

మెకానిక్ తండ్రివైపు తిరిగాడు.

"వాడి పేరే అదమ్మా" అన్నాడు పెద్దాయన, కొడుకు మొహం చూడకుండా, "వాడు పుట్టినప్పుడు ఇదే కిటికీలోంచి బాబు పేరేంటని అడిగితే, నేనిచ్చిన జవాబే మీవాళ్లు రాసేసుకున్నారు."