పాట తగ్గిన చోటు

స్టీలు ప్లాంటు పక్కన క్యాంప్ 2 బస్తీలో మా స్టూడియో షట్టర్ దించేసి, రాత్రి ఒక్కదాన్నే చెల్లి పెళ్లి వీడియో ఎడిట్ చేస్తున్నాను. వీడియోలో ఎవరైనా మాట్లాడితే, ఆ మాట వినబడేలా సాఫ్ట్‌వేరే వెనక పాటను తగ్గిస్తుంది. అక్షింతల దగ్గర మాత్రం ఎవరూ మాట్లాడకుండానే తగ్గింది. చెల్లి ముందు ఎవరూ లేరు. నేను పెంచాను. మళ్లీ తగ్గింది. హెడ్‌ఫోన్స్‌లో చిన్న చప్పుడు కూడా లేదు.

నాన్న గుర్తొచ్చాడు. ప్లాంటులో మిల్లు హోరుకి పెదాలు కదిపే మాట్లాడుకునేవారట. ఆ అలవాటుతో ఇంట్లోనూ గొంతు లేకుండానే మాట్లాడేవాడు. "ఏటి నాన్నా, గట్టిగా చెప్పు" అని విసుక్కునేదాన్ని. నాన్న పోయి మూడేళ్లు.

తెరకి దండం పెట్టాను. "చెల్లిని దీవించడానికి వచ్చీసినావా నాన్నా! అది చాల్లే."

వీడియో సాగుతోంది. పాట మళ్లీ తగ్గింది. ఈసారి తెరమీద చెల్లి లేదు. నేనొక్కదాన్నే ఉన్నాను.