ముసలావిడ వాటా

ఒక్క నిమిషం ఆగండి. చేతిలో ఫోను పక్కన పెట్టి ఇది వినండి, మళ్ళీ చూసుకోవచ్చు.

అన్న కొత్త హెల్మెట్ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. బండి ఇంకా కొనలేదు. హెల్మెట్ మాత్రం వచ్చేసింది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంది చెల్లెలు, జుట్టుకి అంటుకున్న దూది పీక్కుంటూ. నాటకాల కంపెనీలో మేకప్ పని ఆమెది. చేరి ఏడాది కూడా కాలేదు. రోజూ ఒంటికి ఏదో ఒకటి అంటించుకునే ఇల్లు చేరుతుంది.

"వెటకారం తర్వాత. ప్రతి నెలా నీ జీతంలో కొంత ఎక్కడికో పోతోంది. అది నాకిచ్చావంటే బండి వాయిదాలు కట్టేసుకుంటా. అసలు ఎవరికిస్తున్నావే?"

"ఒక ముసలావిడకి."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఏ ముసలావిడే?"

"ఆవిడకి నేను తప్ప దిక్కు లేదమ్మా. నేను ఆపేస్తే పస్తులే."

"నిన్నెవరో బుట్టలో వేశారే పిచ్చిమొహమా" అన్నాడు అన్న. "ఉద్యోగంలో కుదురుకోనే లేదు, అప్పుడే దానధర్మాలా? రేపు ఆవిణ్ణి ఇక్కడికి పంపించు. నేను తేల్చేస్తా."

"సరే. ఆవిడ ఒప్పుకుంటే డబ్బు నీదే. ఒప్పుకోకపోతే మళ్ళీ అడగకూడదు మరి."

"అడగను. అమ్మ మీద ఒట్టు."

"మధ్యలో నా మీదెందుకురా" అంది అమ్మ.

మర్నాడు సాయంత్రం, చెల్లెలు ఇంకా ఇంటికి రాకముందే తలుపు చప్పుడైంది. వరండాలో బల్బు పోయి వారమైంది, మార్చాల్సింది అన్నే. ఆ మసక చీకట్లో ఓ ముసలావిడ నిలబడి ఉంది. వంగిన నడుం, నెరిసిన ముడి, మెడ నిండా ముడతలు, చేతిలో కర్ర.

"అమ్మాయి పంపింది బాబూ. ఏదో మాట్లాడాలన్నావట." గొంతు బొంగురుగా ఉంది.

అన్న లోపలికి కూడా పిలవలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "చూడు ముసలమ్మా, మా చెల్లెలి జీతం మీద ఆశ వదులుకో. వచ్చే నెల నుంచి చిల్లిగవ్వ రాదు."

"మరి నేనేం తినాలి? చేతుల్లో సత్తువ లేదు. ఈ వయసులో నాకు పనెవరిస్తారు?"

"అది ఒంట్లో ఓపికున్నప్పుడే ఆలోచించుకోవాల్సింది."

ముసలావిడ తలూపింది. "బంగారం లాంటి మాట అన్నావు బాబూ. పోనీ, నువ్వు చూస్తావా నన్ను?"

"నేనా? నీకూ నాకూ ఏం సంబంధం? నిన్ను పోషించాల్సిన ఖర్మ నాకేంటి?"

అమ్మ అతని భుజం మీద నుంచి తొంగి చూసింది. "ఒరేయ్, ఈవిడ అచ్చం మీ అమ్మమ్మలా లేదూ?"

"విన్నావుగా అమ్మా, అన్నయ్యన్న మాట" అంటూ ముసలావిడ కర్ర గోడకి ఆనించి నిటారుగా నిలబడింది. గొంతులో బొంగురు మాయమైంది. నెరిసిన ముడి ఊడి చేతిలోకి వచ్చేసింది.

"అరవై దాటాక నేనిలాగే ఉంటానట అన్నయ్యా. మొదటి జీతం రోజు మా మేకప్ మాస్టారు నాకీ వేషం వేసి అద్దంలో చూపించారు. ఆ రోజే ఈవిడ కోసం పెన్షన్ ఖాతా తెరిచా. నువ్వేమో చూడనన్నావు. ఇక నేను కాక ఎవరు చూస్తారు?"

అమ్మ నవ్వీ నవ్వీ గుమ్మంలోనే కూలబడింది. "ఒట్టు నా మీద వేశావురా, గుర్తుంచుకో."

అన్న ఒకసారి హెల్మెట్ వైపు చూశాడు. ఒకసారి చెల్లెలి మెడ మీది ముడతల వైపు చూశాడు.

"మీ మాస్టారు రేపు ఖాళీయేనా? నా ముసలాణ్ణి కూడా ఓసారి చూడాలి."

నిజం చెప్పండి. ఈ సాయంత్రం మీ ముసలాయనో మీ ముసలావిడో వచ్చి తలుపు తడితే, మీరేం చెప్పి పంపిస్తారు?