పెద్దలు తెచ్చిన గొర్రె

గేటు అవతల ఊరి పెద్దలంతా మంచులో నిలబడి ఉన్నారు. ముందు ఎసెన్ పెదనాన్న మామ్బెత్. వెనక ఒకాయన చేతిలో తాడు. తాడు చివర గొర్రె.

కిటికీలోంచి చూసిన లిడా చేతిలో గరిటె జారిపోయింది.

"వచ్చేశారు. మంచు కరిగేదాకా ఆగుతామన్నారు కదా! ఈ చలిలో ఇంతమంది పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోవాలి?"

ఆమె మొగుడు ఎసెన్ కోటు కూడా వేసుకోకుండా గేటు దాకా వెళ్లాడు. వాళ్లను చూసి కాసేపు అలాగే నిలబడిపోయాడు. తర్వాత గడియ తీశాడు.

ఎసెన్ ఏసును నమ్ముకున్నాడని తెలిసిన రోజే పెదనాన్న అతన్ని చచ్చినవాళ్లలో కలిపేశాడు. అతను పట్నంలో పెరిగిన రష్యా పిల్ల లిడాను పెళ్లాడి, ఊరి చివర అనాథ పిల్లలకు ఇల్లు తెరిచాక, నారిన్ లోయలోని ఆ ఊరు ఊరంతా వాళ్లను వెలివేసింది. కొట్టువాడు పిండి అమ్మడు. బడిలో ఆ ఇంటి పిల్లలకు వెనక బెంచీ. ఇక్కడి పద్ధతులు లిడాకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఆ గడప తొక్కిందెవరు?

పోయిన నెల పెద్దలు తేల్చేశారు. ఊళ్లో మీకు చోటు లేదు, మంచు కరగగానే ఖాళీ చేయండి అన్నారు. సాయం పంపే పరాయి దేశపు చర్చి ఎప్పుడో మొహం చాటేసింది. ఇంకా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే, మాస్కోలో ఇటుకలు మోస్తున్న కొడుకు దావిత్ పంపే కూలి డబ్బుతోనే.

ఈ ఇంట్లో తినేకంటే మన్ను తింటానని ఒట్టు పెట్టుకున్న పెదనాన్న, బూట్లు విప్పి లోపలికొచ్చాడు.

"కోడలా, పెద్ద గిన్నె ఏదమ్మా?"

ఇంకెవరినో పిలిచాడేమోనని లిడా వెనక్కి తిరిగి చూసింది. పెళ్లయి ఇన్నేళ్లకు ఆయన నోట ఆ పిలుపు అదే మొదలు.

గొర్రెను పెరట్లోనే కోశారు. పెద్దల్లో ఒకడైన షేర్గాజీ బండిలోంచి బొగ్గు బస్తాలు దింపాడు. పిల్లలు గోడకు అంటుకుపోయి చూస్తున్నారు. వాళ్లలో సెజిమ్‌కు ఒక్కదానికే భయం లేదు.

"తాతా, మా కిటికీ అద్దం పగలగొట్టింది మీ మనవడే."

"తెలుసు తల్లీ," అన్నాడు పెదనాన్న.

"మరి వాణ్ని కొట్టారా?"

"కొడతాలే."

"గట్టిగా కొట్టండి. వాడి దగ్గర ఇంకా రాళ్లున్నాయి."

ఒక ముసలాయన నవ్వబోయాడు. పెదనాన్న చూపు తగిలి నోరు మూసుకున్నాడు.

లిడా మొగుణ్ని వంటింట్లోకి లాగింది.

"ఎందుకొచ్చారో అడగవేం?"

"అడగకూడదు."

"సిగ్గుపడతారనా?"

"ఊఁ."

ఆమె మొహం విప్పారింది. బయటికొచ్చి షేర్గాజీ పక్కన నిలబడింది. "అన్నా, మీవాడూ మా దావిత్ ఒకేచోట పని కదా. మీవాడు బాగున్నాడా?"

"బాగానే ఉన్నాడమ్మా." షేర్గాజీ పొయ్యి మూత తీసి, నిండుగా మండుతున్న దాంట్లోనే ఇంకో పార బొగ్గు వేశాడు. పొగకు కళ్లు తుడుచుకున్నాడు.

మాంసం ఉడికింది. పిల్లలకు ఎముకలతో సహా వడ్డించారు. రోజూ ప్రార్థన చెప్పే ఎసెన్ ఆ రోజు చెప్పలేదు.

"సెజిమ్, నువ్వు చెప్పమ్మా."

సెజిమ్ కళ్లు మూసుకుంది. మాంసం ఇచ్చినందుకు, బొగ్గు ఇచ్చినందుకు, తాతలను మంచివాళ్లుగా మార్చినందుకు దేవుడికి వందనాలు చెప్పింది. ముసలివాళ్లు టోపీలు తీయలేదు గానీ, ఆమె ఆమెన్ అనేదాకా ముద్ద ముట్టలేదు.

"ఎసెన్," అన్నాడు పెదనాన్న. "ఊళ్లో మీకు చోటు లేదన్నాం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాం."

లిడా భోరున ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "విన్నారా పిల్లలూ! ఎక్కడికీ పోనక్కర్లేదు. ఉండండి, దావిత్‌కి ఫోన్ చేస్తాను. ఇక ఆ చలిలో ఇటుకలు మోసింది చాలు, ఇంటికొచ్చేయమంటాను."

ఆమె లేవబోయింది. ముసలివాళ్లంతా తలలు దించుకుని తమ గిన్నెల్లోకి చూసుకున్నారు. ఎసెన్ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"తిన్నాక."

"నాకు చాలు."

"పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. తిను."

"నువ్వు మాత్రం తిన్నావా? నీ గిన్నె అలాగే ఉంది."

"నాకు తర్వాత."

అతను ఆమె గిన్నె నింపాడు. ఆమె నవ్వుతూ తింది. బల్ల అటు చివర పిల్లలు మూలుగ కోసం ఎముకలు చప్పరిస్తున్నారు. ఆ ఇంట్లో అంతమందికి కడుపు నిండడం చాలాకాలం తర్వాత అదే.

పెదనాన్న చాకు పక్కన పెట్టి, ఖాళీ అవుతున్న ఆమె గిన్నెకేసి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

పరదేశంలో బిడ్డ చనిపోయిన ఇంటికే ఊరి పెద్దలు పాత పగలన్నీ వదిలి, గొర్రెను తీసుకుని కలిసి వస్తారని, ఆ తల్లి తినడం ముగిసేదాకా కబురు చెప్పరని, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినందుకు గేటు దగ్గరే తెలిసిపోయిన ఎసెన్, లిడా గిన్నె మళ్లీ నింపాడు.