ఎలుకలావిడ

మెట్ల కింద మళ్ళీ ఒక ఎలుక చచ్చి పడి ఉంది.

"చూశావా అమ్మాయ్! చిటికెడు మందైనా పెట్టకుండా వాటంతటవే ఎలా చస్తున్నాయో! అంతా మన బిల్డింగు అదృష్టం," అన్నాడు బిల్డింగు సెక్రటరీ తన కోడలితో.

దాన్ని తోక పట్టి గోడవతల పారేయబోయాడు.

"ముట్టుకోకండి!"

పై అంతస్తులో కొత్తగా అద్దెకు దిగిన పెద్దావిడ గబగబా మెట్లు దిగి వచ్చింది. చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు అడ్డంగా గుడ్డ. ఎలుకను పట్టకారుతో తీసి సంచిలో వేసి, మూతి బిగించి కట్టింది. ఆ చోట ఏదో మందు చల్లింది.

"దాచుకుంటారా ఏమిటండీ?" అన్నాడు సెక్రటరీ.

"పరీక్షకు పంపిస్తాను. ఎలుకలు ఊరికే ఇలా చావవు. ప్లేగు కావచ్చు."

సెక్రటరీ పగలబడి నవ్వాడు.

"ప్లేగా! అది మా ముత్తాతతోనే పోయింది తల్లీ."

"పోయిందని మనం అనుకున్నాం. దానికెవరూ చెప్పలేదు," అంది ఆవిడ. "ఎలుక చస్తే దాని ఒంటిమీది పురుగులు మనిషిని వెతుక్కుంటాయి. జ్వరం వచ్చి చంకలోనో గజ్జల్లోనో గడ్డ కడితే ఒక్క పూట కూడా ఆగకండి. పెద్దాసుపత్రికి పరుగెత్తండి. రోగానికి మందుంది. ఆలస్యానికే లేదు."

ఆ రోజు నుంచి ఆవిడ పేరు ఎలుకలావిడ అయింది.

ఎలుకలు ఇంకా చచ్చాయి. అదృష్టం కాస్తా కంపు కొట్టసాగింది.

"ఆవిడ రాకముందు మన బిల్డింగులో ఒక్కటైనా చచ్చిందా?" అంది కింది వాటా ఆవిడ. "ఆ సంచులూ, ఆ వేషమూ! పిల్లలున్న కొంపలు మనవి."

సెక్రటరీ పైకి వెళ్ళి తలుపు కొట్టాడు.

"ఇల్లు ఖాళీ చేసెయ్యండమ్మా. మీతో వచ్చింది మీతోనే పోనివ్వండి."

ఆవిడ పెట్టె సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ సెక్రటరీ మనవరాలి దగ్గర వంగింది.

"నేను రోజూ చెప్పేది గుర్తుందా, బంగారం?"

"జ్వరం, గడ్డ, పరుగు!" అంది పిల్ల, ఆటలో పాటలా.

కొద్ది రోజులకే ఆ పిల్ల ఒళ్ళు కాలిపోయింది.

"తాతయ్యా, గడ్డ," అంది మూలుగుతూ, చెయ్యెత్తి చంక చూపించి.

"గౌను బిగుతై ఉంటుందిలే. పడుకో. పొద్దున్న చూద్దాం."

కోడలు మొట్టమొదటిసారి ఆయన మాట వినలేదు. పిల్లను భుజాన వేసుకుంది.

"నేను వెళ్తున్నాను మామయ్యగారూ. మీరొస్తే రండి."

పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరు గడ్డ చూసి ఏ బిల్డింగని అడిగింది. చెప్పగానే మరో మాట లేకుండా సూదిమందు వేయించింది.

మర్నాటికి జ్వరం దిగడం మొదలైంది.

"ప్లేగే. వేళకు తెచ్చారు, గండం గడిచింది," అంది డాక్టరు.

"మీకంత తొందరగా ఎలా తెలిసిందమ్మా?" అడిగాడు సెక్రటరీ.

"మీ ఎలుకల్లో ప్లేగు ఉందని నిన్ననే పరీక్షలో తేలింది. మా వాళ్ళు మందులతో మీ బిల్డింగుకే బయలుదేరుతున్నారు. ఆ ఎలుకలను పంపింది మా మేడంగారు." డాక్టరు తల కాస్త పైకెత్తింది. "ప్లేగుని చేత్తో తడిమి గుర్తుపట్టడం మాకందరికీ నేర్పింది ఆవిడే. రిటైరయినా ఇంట్లో కూర్చోరు."

"మేం పేరైనా అడగలేదు," అంది కోడలు మెల్లగా.

"ఒక్కసారి చూపించమ్మా, కాళ్ళ మీద పడతాను," అన్నాడు సెక్రటరీ.

"ఇంకో ఊళ్ళో ఎలుకలు చస్తున్నాయని తెలిసి వెళ్ళిపోయారు."

సెక్రటరీ డాక్టరుకు చేతులు జోడించాడు.

"ఆవిడ వచ్చాకే చావడం మొదలైందనుకున్నామమ్మా..."

"లేదండీ," అంది డాక్టరు, "మీ వెనక గోదాములో ఎలుకలు రాలుతున్నాయని విన్నాకే, ఆవిడ మీ బిల్డింగులో ఇల్లు వెతుక్కున్నారు."