ఎజెండాలో ఒకే అంశం

"అందరూ వచ్చినట్టేగా? ఇక మొదలుపెడదాం," అన్నారు ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

ముందు గదిలో నలుగురు కూర్చున్నారు. కొడుకు, కోడలు, కూతురు, బావమరిది. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

నూలు మిల్లులో ఇరవై రెండేళ్ళు యూనియన్ ప్రెసిడెంటుగా చేశారాయన. గేటు మీటింగుల్లో, ఊడ్చేవాళ్ళ చేతులు కూడా వదలకుండా లెక్కపెట్టించిన మనిషి. మిల్లు మూతబడింది. యూనియన్ పోయింది. పిలుపు మాత్రం మిగిలింది, దాంతోపాటు పద్ధతీ మిగిలింది. ఈ ఇంట్లో ఫ్రిజ్ కొనాలన్నా, గోడలకు రంగు వేయించాలన్నా చేతులెత్తాల్సిందే.

"నాన్నా, ఇది మిల్లు కాదు," గొణిగాడు కొడుకు.

"ఇల్లయినా మిల్లయినా పద్ధతి పద్ధతే. నేనొక్కణ్ణే తేల్చేస్తే రేపు మీరే నన్నంటారు."

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. గుండెపోటు చెప్పి రాదు కదా. ఆ పూట పేపరు కూడా రాకముందే అది వచ్చింది. అంబులెన్సులో ప్రెసిడెంటు గారి చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. అప్పటి నుంచి ఆయన కంటి మీద కునుకు లేదు. మనిషి సగమైపోయారు. పాత కార్మికులు చూడడానికి వచ్చి, చేతులు పట్టుకుని, "మీరు ధైర్యంగా ఉండాలి ప్రెసిడెంటు గారూ" అంటే, సమ్మెలో లాఠీ దెబ్బలు తిని కూడా ఏడవని పెద్దమనిషి బావురుమన్నారు.

ఇంట్లో ఉప్పు డబ్బా అటకెక్కింది. చప్పిడి కూరలతో ఆయన నాలుక చచ్చిపోయింది. రోజుకు తొమ్మిది మాత్రలు. ఏది ఎప్పుడో చార్టు రాసి గోడకు అంటించింది కూడా ఆయనే. పొద్దునా సాయంత్రం వరండాలో రెండు వందల అడుగులు నడవాలి. ఆ అడుగులు పైకి లెక్కపెట్టేదీ ఆయనే.

గుండెకు వెళ్ళే మూడు నాళాలు పూడుకుపోయాయన్నాడు డాక్టరు. రెండు దార్లు చూపించాడు. ఛాతీ తెరిచి బైపాస్ చేయడం ఒకటి. మందులతో నెట్టుకురావడం రెండోది. అరవై ఎనిమిదేళ్ళ వయసు, పైగా షుగరు. బల్ల మీద ఏదైనా జరగొచ్చు. చేయించకపోతే రెండో పోటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. "గురువారం చేయగలను. మంగళవారం మధ్యాహ్నంలోగా ఏ సంగతీ చెప్పండి," అన్నాడు.

ఇవాళే మంగళవారం. పదకొండు దాటింది.

ముందుగా బావమరిది లేచాడు. "బావా, మందుల్ని నమ్ముకోవద్దు. మా అమ్మకీ ఇలాగే, ఈ వయసులో కోతలెందుకులే అనుకున్నాం. ఏడాది తిరక్కుండానే..."

"బల్ల మీదే ప్రాణం పోతే ఏం చేస్తాం మామయ్యా?" అన్నాడు కొడుకు. "ఉన్నన్నాళ్ళూ కళ్ళెదురుగా ఉంటే చాలదా?"

కోడలు అసలు సంగతికి వచ్చింది. "మూడు నెలలు మంచమే అంటున్నారు. పక్కన ఒక మనిషి ఉండాలి. నాకు సెలవులన్నీ అయిపోయాయి. మరి వంట ఎవరు చేస్తారు, పాపని బడి నుంచి ఎవరు తీసుకొస్తారు?"

"ప్రాణం ముందా, పాప బడి ముందా వదినా?" అంది కూతురు.

"నెలకోసారి వచ్చి వెళ్ళేవాళ్ళు ఎన్నయినా చెప్తారు."

"ఇక చాలు. చర్చ ముగిసింది," అన్నారు ప్రెసిడెంటు గారు.

ఇంతలో ఆయన భార్య ట్రేలో టీ తెచ్చింది. కూతురు గబుక్కున లేచి అందుకోబోయింది.

"నువ్వు కూర్చోమ్మా. ఓటింగు అయ్యేదాకా ఎవరూ లేవకూడదు."

ఆవిడ ఒక్కొక్కరికీ కప్పు అందించింది. మధ్యలో కుర్చీ పట్టుకుని ఒక క్షణం ఆగింది. "చల్లారిపోతుంది, తాగండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

"ఆపరేషన్ కావాలన్నవాళ్ళు?"

బావమరిది, కూతురు చేతులెత్తారు.

"మందులు చాలన్నవాళ్ళు?"

కొడుకు ఎత్తాడు. అతని వంక చూసి కోడలూ ఎత్తింది.

ఓట్లు సమానమైతే ప్రెసిడెంటు మాటే తీర్పు. మిల్లులో ఆ పరిస్థితి వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి తటపటాయించకుండా లేచేది. ఇవాళ ఒళ్ళోంచి కదల్లేదు.

"ఛాతీ ఎముక కోస్తారట. కాల్లోంచి నరం తీసి గుండెకు కుడతారట. తలుచుకుంటేనే నాకు వణుకు పుడుతోంది," అన్నారు నెమ్మదిగా. "ఆ తర్వాత మూడు నెలల మంచం. ఎట్లా గడుస్తుందో ఊహకే అందడం లేదు. నావల్ల కాదురా."

"బావా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు బావమరిది. నిజంగానే రెండు చేతులూ జోడించాడు.

ప్రెసిడెంటు గారు అతని వైపు చూడలేకపోయారు. "మందులే," అని చెయ్యెత్తారు. "మూడు, రెండు. తీర్మానం నెగ్గింది."

బావమరిది టీ ముట్టకుండానే వరండాలోకి వెళ్ళిపోయాడు. కూతురు గోడవైపు తిరిగి ముక్కు చీదుకుంది. కోడలు కప్పులన్నీ పోగేసి వంటింట్లో పెట్టి వచ్చి, ఆఫీసుకు టైమవుతోందని చెప్పులేసుకుంది.

ప్రెసిడెంటు గారు ఆసుపత్రికి ఫోన్ చేశారు.

"గురువారం ఆపరేషన్ వద్దనుకున్నామండీ. మందులే వాడతాం... అవునండీ, ఊరికే కాదు, అందరం కూర్చుని ఓటింగు పెట్టుకునే... అలాగా? మేం చెప్తే చాలదా అండీ?"

ఆయన విసుగ్గా ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, వంటింటి వైపు తిరిగి కేకేశారు: "ఏమేవ్, గుండె నీది కాబట్టి నువ్వే నీ నోటితో చెప్పాలట, ఆ కప్పులు కడిగేసి ఒకసారి ఇలా రా!"