మేస్త్రీలు ముట్టని కట్టె

"ఈ వైరుది ఎత్తి చూడు మా. బరువుండాది, బలమూ ఉండాది," అంటూ సుబ్బన్న అంగడి మెట్లు దిగి వచ్చి కటింగ్ మిషన్‌ను చంద్రిక ఒడిలో పెట్టాడు.

ఆమె రెండు చేతులా పైకెత్తింది. కాయలు కాచిన అరచేతులు. మిషన్ ఇట్టే లేచింది.

"బ్యాటరీది గూడా తే అన్నా."

"దాని రేటు రెండింతలు. ఛార్జింగు అయిపోతే పని మధ్యలో నిలబడిపోతాది. ఏడాదికో పలక కోసుకునే ఇంటికి వైరుదే మేలు. ఇంట్లో కరెంటు లేదా ఏమి?"

"ఉండాది. ప్లగ్గు యాడో వంటింట్లో ఉండాది. నేను ముందుకీ వెనక్కీ జరుగుతాంటే వైరు కింద పడి తెగుతాది."

"ఇంతకీ ఏం కోస్తావు?"

"వేపకట్టె. మూడంగుళాల మందం."

"బ్యాటరీది ఒక్క కోతకు అంత లోతు దిగదు మా."

"కింద కూచోని ఇంటి లోపలి నుంచి సగం, బయటికి జరిగి సగం కోస్తా."

సుబ్బన్న ముఖం మారిపోయింది. "గడపనా?"

"గడపే," అంది చంద్రిక, తల దించుకోకుండా.

అప్పటికే ముగ్గురు మేస్త్రీలను అడిగింది. పసుపు పూసిన గడపకు రంపం పెడితే తమ ఇంటికి అరిష్టమని ముగ్గురూ సంచి సర్దుకుని పోయారు. బతిమాలి బతిమాలి ఆమెకు విసుగెత్తింది. ఇక ఎవరి కాళ్ళూ పట్టుకునేది లేదని ఈ పొద్దున్నే తేల్చుకుంది.

"మీ యమ్మ ఒప్పుకొనిందా?"

"యాడ ఒప్పుకుంటాది? శుక్రవారం దానికి పసుపు పూయందే కాఫీ గూడా ముట్టదు. నడుము పడిపోయింది, వంగితే మంచాన పడతావని డాక్టరు చెప్పినాడు. అయినా రోజూ ఆ గడప కాడ నడుము వంచాల్సిందే. సోమవారం నుంచి నాకు సచివాలయంలో డ్యూటీ. ఇంక పొద్దునా సాయంత్రం ఆమెకు అదే పని."

అమ్మ మూలుగు రాత్రంతా వింటున్నది తనొక్కతే.

"లక్ష్మీదేవి అలుగుతాది కదమ్మా."

"అలిగితే నేను సర్దిచెప్పుకుంటా. అమ్మ మంచాన పడితే ఎవురికి చెప్పుకోవాల?"

సుబ్బన్న అంగడిలోకి వెళ్ళాడు. బ్యాటరీ మిషన్ తెచ్చి, బ్లేడు బిగించి, వేళ్ళు ఎక్కడ పెట్టకూడదో రెండుసార్లు చూపించాడు. కళ్ళద్దాలు ఊరకే ఇచ్చాడు.

"నేనొచ్చి కోసియ్యాల్నా?" అన్నాడు చివరికి, చుట్టూ ఒకసారి చూసి.

"వద్దులే అన్నా. ఆ మాట అన్నావు, అదే చాలు. అమ్మ సంతకు పోయి వచ్చేలోపల నేనే కోసేస్తా."

మిషన్ పెట్టెను అతనే ఆమె ఒడిలో సర్దాడు.

రోజూ అమ్మ నడుము వంచి గడప దాటించే తన చక్రాల కుర్చీని చంద్రిక ఇంటివైపు తిప్పింది.