దూత తెచ్చిన కబురు

"ఆగిపోయావేంటమ్మా?" అన్నాడు ఒబూరా.

చూపు పోయాక పాత నాటకాలన్నీ వినాలని పట్టుబట్టాడాయన. కూతురు అవీనో రోజూ చదివి వినిపిస్తోంది. ఆ రోజు వాళ్లుండే కిసుము నగరంలో ఎన్నికల అల్లర్లు. ఊరేగింపుకు వెళ్లిన తమ్ముడు ఒకూము కోసం ఆసుపత్రులన్నీ తిరిగొచ్చి, ఏమీ చెప్పకుండానే పుస్తకం తెరిచింది.

"దూత వచ్చాడు నాన్నా. రాజుతో..." ఆమె అదే వాక్యం మళ్లీ మొదలుపెట్టి ఆపేసింది.

"చెడ్డ కబురు తెచ్చినవాడు నీలాగే నీళ్లు నములుతాడు," అని నవ్వబోయిన ఒబూరా మధ్యలోనే ఆగిపోయాడు.

"పుస్తకం మూసెయ్ తల్లీ. మన ఒకూము ఎక్కడ?"

"తుపాకీ గుండు తగిలింది నాన్నా. శవాల గదిలో ఉన్నాడు."

ఒబూరా చేతులు గాలిలో తడుముకుంటూ ఆమె తలను పట్టుకున్నాయి.

"నలభై నాటకాలు వినిపించావు కదమ్మా. కొడుకు పోయిన తండ్రి ఏం చేస్తాడో ఒక్కటీ గుర్తు రావట్లేదే."